సరోజమ్మకు కుదిరిన ఏడో నంబరు

అది 2022 వేసవి. నేరేడ్‌మెట్‌లో మెయిన్ రోడ్డు దిగి లోపలికి వస్తే, ఒక మెడికల్ షాపుకీ ఒక టైలర్ దుకాణానికీ మధ్యన నా షాపు ఉంటుంది. బయట బోర్డు మీద స్పోర్ట్స్ అని రాసుంటుంది గానీ లోపల అమ్మకం తక్కువ, మరమ్మతు ఎక్కువ. మా నాన్న టెన్నిస్ రాకెట్లకు గట్టింగ్ వేసేవాడు, అంటే తెగిపోయిన తీగలు తీసేసి కొత్తవి బిగించేవాడు. నేనూ ఆ పనితోనే మొదలుపెట్టాను. కంటోన్మెంట్ చుట్టుపక్కల గోల్ఫ్ ఆడేవాళ్లు పెరిగేకొద్దీ మెల్లగా గోల్ఫ్ కర్రల మీదికి మళ్లాను. గ్రిప్ మార్చడం, వంగింది సరిచేయడం, పొడుగు తగ్గించడం, పెంచడం. ఇరవై ఏళ్లు దాటింది, ఇప్పటికీ అదే పని.

ఆడలేక మద్దెల ఓడు అన్నారు పెద్దలు. నా బతుకంతా ఆ మద్దెలలు బాగుచేయడంతోనే గడిచింది. బంతి కుడికి పోతే కర్రదే తప్పు, ఎడమకి పోతే కర్రదే తప్పు, నీళ్లలో పడితే ఇక చెప్పనే అక్కర్లేదు. నేను ఎవరితోనూ వాదన పెట్టుకోను. కర్ర చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, "అవును సార్, గ్రిప్ అరిగింది" అంటాను. గ్రిప్ ఎలాగూ అరిగే ఉంటుంది. కొత్తది వేసిస్తే ఒక వారం రోజులు బ్రహ్మాండంగా ఆడతారు. అందులో గ్రిప్ గొప్పతనం ఏమీ లేదు, నమ్మకం పని చేస్తుంది అంతే. కానీ ఎప్పుడో ఒకసారి, ఆడేవాళ్లలో ఏ లోపమూ లేకుండా, మద్దెలే నిజంగా ఓడుగా ఉన్న కేసు ఒకటి వస్తుంది. సరోజమ్మ కేసు అలాంటిది.

ఆమె వచ్చేసరికి నేను ఒక క్యారమ్ బోర్డుకి మూల అతికిస్తున్నాను. అరవైకి దగ్గర పడిన మనిషి, మంచి పొడగరి. సల్వారు కమీజు, కాళ్లకి స్పోర్ట్స్ బూట్లు, నడకలో ఎడమ మోకాలు కొంచెం పట్టేసినట్టుంది. భుజాన ఉన్న గోల్ఫ్ బ్యాగు దింపి కౌంటరుకి ఆనించింది. నమస్తే లేదు, సలాం లేదు.

"ఇవన్నీ ఇంచు ఇంచు పొడుగు చెయ్యాలె."

"ఎందుకు మేడం?"

"నేను పొడుగున్న, కర్రలు పొట్టిగున్నయి. వంగి వంగి కొడుతున్న. గందుకే తప్పుతున్నయి."

"ఎవరన్న చెప్పిండ్రా?"

"చెప్పనోళ్లెవరు? కోచ్ సారు జెర నిటారుగ నిలబడమంటడు. మా దోస్తులు గదే అంటరు. పొట్టి కర్రతోని నిటారుగ నిలబడితే బంతి అందుతదా? మీరే చెప్పుండ్రి."

మాట సబబుగానే ఉంది. గోల్ఫ్ ఆడనివాళ్ల కోసం ఇక్కడ ఒక ముక్క చెప్పాలి. బ్యాగులో ఇనుప తలకాయలున్న కర్రలను ఐరన్‌లు అంటారు. వాటికి నంబర్లుంటాయి. ఐదో నంబరు పొడుగు ఎక్కువ, బంతి దూరం పోతుంది. తొమ్మిదో నంబరు పొట్టి, బంతి ఎత్తుగా లేచి దగ్గరలో పడుతుంది. ఒక్కో నంబరుకీ షాఫ్ట్, అంటే కర్ర కాడ, సుమారు అర అంగుళం తగ్గుతూ వస్తుంది. అందుకే ఒక్కో కర్రకి మనిషి నిలబడే తీరు కొంచెం మారాలి, బంతి పెట్టుకునే చోటు కొంచెం మారాలి. ఆడి ఆడి అలవాటైన వాళ్లకి ఈ మార్పు తెలియకుండానే జరిగిపోతుంది. కొత్తవాళ్లకి మాత్రం బ్యాగులో ఎన్ని కర్రలుంటే అన్ని ఆటలు నేర్చుకున్నట్టు ఉంటుంది.

పొడుగు చూడడానికి మేము ముందు మనిషి ఎత్తు, తర్వాత మణికట్టు నుంచి నేల దాకా ఉన్న దూరం కొలుస్తాం. పొడగరులకి చేతులు కూడా పొడుగ్గా ఉంటే ఆ ఎత్తు అక్కడే సర్దుకుపోతుంది. సరోజమ్మ చేతులు అలాంటివే. నా పట్టిక ప్రకారం ఆమెకి మామూలు సైజే సరిగ్గా సరిపోవాలి, పావు అంగుళం కూడా పెంచే పని లేదు. ఆ మాటే చెప్పాను.

"మరి ఎందుకు తప్పుతున్నయి?" అంది.

"చూస్తే గాని చెప్పలేను మేడం. మీరు కొట్టేది చూడకుండ నేను కర్రకి రంపం పెట్టను, అతుకు పెట్టను."

"చూసుడు గీసుడు తర్వాత భాయ్. నాకు టైం లేదు. వచ్చే నెల మొదట్ల టెస్టు ఉంది."

అప్పుడు స్టూలు వేసి కూర్చోబెట్టి, చాయ్ తెప్పించి, టెస్టు సంగతి అడిగాను. ఆమె చెప్పింది ఇదీ. సరోజమ్మ చిన్నప్పటి నుంచి హాకీ క్రీడాకారిణి. ఆ ఆట వల్లే సర్కారు ఆఫీసులో నౌకరీ వచ్చింది, ఆఫీసు జట్టులో ఏళ్ల తరబడి డిఫెన్స్ ఆడింది. మోకాలు దెబ్బతిన్నాక ఆట ఆగిపోయింది. రిటైర్ అయ్యాక ఆ జట్టులోని ముగ్గురు స్నేహితురాళ్లు ఒకరి తర్వాత ఒకరు గోల్ఫ్‌లోకి వచ్చారు. పరుగెత్తే పని లేదు, నడిస్తే చాలు, నువ్వూ రమ్మని ఈమెనూ లాగారు. అయితే వాళ్లు ఆడే కోర్సులో ఒక పద్ధతి ఉంది. కొత్తవాళ్లు కమిటీ మెంబరు ముందు కొన్ని హోల్స్, అంటే బంతిని గుంటలో పడేసే వరసలు, ఆడి చూపించి పాసైతేనే అసలు మైదానంలోకి రానిస్తారు. అప్పటిదాకా బయట ప్రాక్టీసే.

"రెండుసార్లు ఫెయిలయిన," అంది చాయ్ కప్పులోకి చూస్తూ. "మూడోసారి సుత పోతే మళ్లా వచ్చే ఏడాదే. నలుగురు కలిసి ఆడే పోటీ ఉంది, మావోళ్లు ముగ్గురు పేరిచ్చిండ్రు. నాలుగో పేరు నా కోసం ఖాళీ పెట్టిండ్రు. టెస్టు పోతే వేరే ఎవరినన్న తీసుకోవాలె, లేకుంటె వాళ్లది సుత పోతది. తీసుకోమని నేనే చెప్పిన. చెప్పినంక ఇంటికి వోయి ఏడ్చిన."

ఏడ్చాను అని ఇంత సూటిగా చెప్పేవాళ్లని నేను తక్కువ చూశాను. ముక్కూ మొహం తెలియని షాపువాడి ముందు చెప్పింది.

"మ్యాచ్ ఓడితె నాకు ఇంత తక్లీఫ్ ఎప్పుడు కాలే భాయ్. టీం ఓడితె అందరం ఓడుతం, అందరం కలిసి తింటం. ఇప్పుడు వాళ్లు ఆడుతున్నరు, నేను మైదానం చుట్టు కట్టిన తాడు అవతల నిలబడి చూస్తున్న."

మర్నాడు పొద్దున్నే యాప్రాల్ దగ్గరున్న ప్రాక్టీసు మైదానానికి వెళ్లాను. నా సామాన్లలో సుద్దముక్కలు తప్పకుండా ఉంటాయి. ఐరన్ తలకాయ ముఖం మీద సుద్ద పూసి కొట్టిస్తే, బంతి తగిలిన చోట గుండ్రంగా అచ్చు పడుతుంది. మాటలు ఎటైనా పోవచ్చు గానీ సుద్ద మీద అచ్చు అబద్ధం చెప్పదు. సరోజమ్మతో పాటు ఆమె స్నేహితురాలు స్టెల్లా కూడా వచ్చింది. ఆ జట్టుకి ఒకప్పుడు కెప్టెన్, మారేడ్‌పల్లిలో ఉంటుంది. పొట్టిగా, గుండ్రంగా, ఎప్పుడూ నవ్వు మొహంతో ఉండే మనిషి.

ఐదో నంబరుతో మొదలుపెట్టించాను. ఒక అచ్చు తలకాయ మడమ దగ్గర, అంటే కాడ వైపు, ఒకటి కొస దగ్గర, రెండుసార్లు బంతికంటే ముందు నేలనే తవ్వింది. ఆరో నంబరు కాస్త నయం. ఏడో నంబరు ఇచ్చాను. అచ్చు నడిమధ్యన పడింది. మళ్లీ సుద్ద పూశాను, మళ్లీ నడిమధ్యన. ఎన్నిసార్లు కొట్టించినా మచ్చ మీద మచ్చ పడుతోంది. బంతి తిన్నగా పోయి ఒకే చోట పడుతోంది. ఎనిమిది ఇచ్చేసరికి మళ్లీ చెదిరింది, బంతి నెత్తిన తగిలి నేలబారుగా దొర్లింది.

నేను అయోమయంలో పడ్డాను. స్వింగ్, అంటే కర్ర ఊపే తీరు, బాగాలేని మనిషికి ఏ కర్రా కుదరదు, బాగున్న మనిషికి అన్నీ అంతో ఇంతో కుదురుతాయి. ఒక్క కర్ర ఇంత చక్కగా కుదిరి మిగతావి ఇంత చెడడం ఏమిటి? అప్పుడు కర్రని వదిలేసి మనిషిని చూడటం మొదలుపెట్టాను. ఏ నంబరు ఇచ్చినా ఆమె ఒక్కలాగే నిలబడుతోంది. మోకాళ్లు వంచి, నడుము దించి, అచ్చం అంతే. కర్ర వెనక్కి తీసేటప్పుడు కూడా ఏ నంబరైనా భుజం దగ్గరికి రాగానే టక్కున ఆగిపోతోంది.

"మేడం, ఇంకొంచెం పైకి ఎత్తుతరా?"

"కోచ్ సారు గదే చెప్తడు. ఎత్తుత. ఎత్తినప్పుడే బంతి ఇంక ఎక్కువ వంకర పోతది."

వెనక కుర్చీలో కూర్చున్న స్టెల్లా నవ్వడం మొదలుపెట్టింది. "ఎట్లెత్తుతది భాయ్? మా కాలంల భుజం దాటి కర్ర ఎత్తితె ఫౌల్. అంపైర్ విజిల్ ఊదేటోడు. బళ్లె ఉన్నప్పటి సంది మా పీటీ టీచరమ్మ గదే చెప్పి చెప్పి సంపింది. ఆ రూలు ఎప్పుడో తీసేసిండ్రు, కని సరోజకి ఎవ్వరు చెప్పలే."

"నిజమే," అంది సరోజమ్మ. నవ్వలేదు, ఆలోచిస్తోంది. "కర్ర పైకి పోంగనే చెవుల్ల విజిల్ వినవడ్తది. నేను ఏం చెయ్యాలె?"

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. ఇది పుట్టుకతో కూడా వచ్చింది కాదు, బడి మైదానంలో వచ్చింది, అయినా పోలేదు. ఆమె గోల్ఫ్ నేర్చుకోవడం లేదు, గోల్ఫ్ కర్రతో హాకీ ఆడుతోంది. అదీ మంచి హాకీ.

ఆ ఆలోచన రాగానే ఏడో నంబరు ఒక్కటి తీసుకుని, మిగతావి వాళ్ల దగ్గరే వదిలేసి షాపుకి వచ్చేశాను. అమ్మకానికి పెట్టిన హాకీ స్టిక్కుల్లోంచి పొడగరులు వాడే సైజు ఒకటి దించి ఏడో నంబరు ఐరన్ పక్కన నిలబెట్టాను. రెండూ ఇంచుమించు ఒకటే ఎత్తు, వేలెడు తేడా కూడా లేదు. ఇన్నేళ్లుగా రెండూ ఒకే షాపులో ఎదురెదురు గోడలకి వేలాడుతున్నాయి. నాకెప్పుడూ పక్కపక్కన పెట్టి చూడాలని తోచలేదు. ఒక్కణ్ణే నిలబడి గట్టిగా నవ్వుకున్నాను. పక్క టైలర్ తొంగి చూసి ఏమైందని అడిగాడు కూడా.

హాకీలో బంతి దగ్గరకి కొట్టినా దూరం కొట్టినా కర్ర ఒక్కటే. ఆ పొడుగుకి ఆమె వీపు, మోకాళ్లు, చేతులు జీవితకాలం పాటు అలవాటు పడి ఉన్నాయి. ఐదో నంబరు ఆ పొడుగు కంటే ఎక్కువ కాబట్టి నేలకి తగులుతోంది. ఎనిమిది తక్కువ కాబట్టి బంతి నెత్తిన తగులుతోంది. అలాంటి మనిషికి నేను అన్నీ అంగుళం పెంచి ఉంటే, కుదురుతున్న ఆ ఏడో నంబరు కూడా చెడిపోయేది.

సాయంత్రం ఇద్దరూ షాపుకి వచ్చారు. నా ఉపాయం చెప్పాను. గోల్ఫ్‌లో సింగిల్ లెంగ్త్ అని ఒక పద్ధతి ఉంది. ఐరన్‌లన్నీ ఒకే పొడుగు ఉంటాయి, తలకాయల వాలు మాత్రం మారుతుంది. నిలబడేది ఒకే తీరు, ఊపేది ఒకే తీరు. తయారుగా దొరికే సెట్లు ఉన్నాయి గానీ తెప్పించేంత వ్యవధి లేదు. ఉన్నవాటినే మార్చాలి. దీనికో నష్టం కూడా ఉంది, అదీ దాచలేదు. ఐదో నంబరు పొట్టి చేస్తే అది పోయే దూరం తగ్గుతుంది.

"అన్ని ఒకటే పొడుగా?" అంది సరోజమ్మ. "నలుగురు చూస్తె నవ్వుతరేమో."

"ఇప్పుడేమన్న ఏడుస్తున్నరా?" అంది స్టెల్లా. "ఇప్పుడు సుత నవ్వుతనే ఉన్నరు. భాయ్, నువ్వు కొయ్యి."

కర్ర యజమానురాలి వైపు చూశాను. ఆమె ఏడో నంబరు చేతిలోకి తీసుకుని, "దూరం ఎందుకు భాయ్ నాకు. డిఫెన్స్ ఆడినోళ్లం. బంతి ఎక్కడ పడ్తదో తెలిస్తె చాలు," అంది.

నేను వెడ్జ్ దాకా, అంటే దగ్గర నుంచి లేపి కొట్టే చివరి కర్ర దాకా, అన్నీ ఒకే పొడుగు చేసేద్దామని ఉత్సాహపడ్డాను. పద్ధతంటే పద్ధతి ప్రకారం ఉండాలని నా చాదస్తం. ఆమె ఆపింది. "తొమ్మిది, వెడ్జ్ ముట్టొద్దు. దగ్గర కొట్టేది వేరే ఆట. హాకీల పుష్ కొట్టేటప్పుడు మేం చెయ్యి కిందికి జరుపుతం, గట్ల పట్టుకుంట." నేను ఒప్పుకున్నాను. ఆమె చెప్పింది నాకు తట్టలేదు, కానీ సరైన మాట.

ఐదునీ ఆరునీ గ్రిప్పులు ఊడదీసి పై చివర కోశాను. ఎనిమిదికి లోపల బిరడాలాంటి అతుకు పెట్టి జిగురుతో బిగించి పెంచాను. తలకాయలు మెత్తటి ఉక్కువి కావడం అదృష్టం. మరలో బిగించి మెల్లగా వంచి, కర్ర నేల మీద పెడితే అడుగు సమంగా ఆనేట్టు చూసుకున్నాను. దీన్ని లై యాంగిల్ అంటారు. అది కుదరకపోతే పొడుగు ఎంత కుదిరినా బంతి పక్కకే పోతుంది. రెండు రోజుల తర్వాత నాలుగు కర్రలూ ఒకే ఎత్తున కౌంటరు మీద వరస పెట్టి, ఎంతో సంబరంగా ఆమెకి అందించాను.

ఆ సంబరం మర్నాడు పొద్దుటి దాకే నిలిచింది. సరోజమ్మ ఆటోలోంచి దిగుతూనే, "భాయ్, గిది కర్ర కాదు, చీపురు కట్ట" అంది.

నాకు వెంటనే అర్థమైంది. ఐదో నంబరు తలకాయ ఏడో నంబరు దానికంటే తేలిక. పొడుగు కాడ చివరన ఉన్నంతసేపూ ఆ తేలికదనం చేతికి తెలియదు. కాడ కోసేస్తే తెలుస్తుంది, చేతిలో ఏమీ లేనట్టుంటుంది. ఊపేటప్పుడు తలకాయ బరువు చేతికి ఎంత తెలుస్తుందో దాన్ని స్వింగ్ వెయిట్ అంటారు. అది తూచడానికి నా దగ్గర ఒక చిన్న త్రాసు కూడా ఉంది. తూచకుండా ఇచ్చిన తొందర నాది. ఆమెను కూర్చోబెట్టి, సీసం పట్టీలు ముక్కలుగా కోసి తలకాయ వెనక అంటిస్తూ, తీస్తూ, తూస్తూ పోయాను. ఎనిమిదో నంబరుకి ఇందుకు ఎదురు సమస్య, అది రోకలిలా బరువైంది. దానికి పైన బరువైన గ్రిప్ వేసి సరిచేశాను. ఒక్కోటీ సరోజమ్మ చేతికిచ్చి కళ్లు మూసుకుని ఊపమన్నాను. ఏడో నంబరూ, పక్కదీ తేడా తెలియనప్పుడు చెప్పమన్నాను.

దుకాణం ముందు ఒక పెద్దావిడ కళ్లు మూసుకుని కర్ర ఊపుతుంటే దారిన పోయేవాళ్లు ఆగి చూడకుండా ఉంటారా. మెడికల్ షాపుకి వచ్చినవాళ్లు మందులు తీసుకోవడం మరిచిపోయి నిలబడ్డారు. మధ్యాహ్నానికి ఆమె ఐదో నంబరు ఊపి, కళ్లు మూసుకునే ఉండి, "గిది ఏడోదే కదా" అంది. కళ్లు తెరవమన్నాను. కర్ర మీద నంబరు చూసుకుని చిన్నపిల్లలా నవ్వింది.

ఇక కోచ్ సారు మిగిలారు. ఆయన పెద్దమనిషి, ఎంతోమందికి ఆట నేర్పినవాడు. యాప్రాల్ మైదానంలో ఆ కర్రలు చూసి కనుబొమలు ముడిచారు.

"రూల్ ప్రకారం అడ్డం లేదు మహబూబ్. కానీ ఈ ఐదో నంబరుతో కోర్సులో అడ్డంగా ఉన్న ఆ వాగు, ఆ నాలా, దాటగలరా? ఆవిడ రెండుసార్లు ఫెయిలైంది అక్కడే."

"అప్పుడు నాలాలోకి పోయింది బంతి వంకర పోయి సార్. దూరం చాలక కాదు."

"ఇప్పుడు దూరం చాలక పోతే?"

నా ఉపాయంలో ఉన్న నష్టం నేరుగా ఆ నాలా మీదికే పోయి నిలబడింది. కోచ్ సారు సరోజమ్మతో ఒక పొద్దంతా కొట్టించి చూశారు. చివరకి, "సరేనమ్మా, ఇక ఎత్తమని అననులెండి. భుజం దాకానే తీయండి. ఎప్పుడూ అంతే తీయండి, ఒక్క పిసరు ఎక్కువ వద్దు, తక్కువ వద్దు," అన్నారు. పొడుగు ఒకటే కాబట్టి అన్ని కర్రలకీ బంతి ఒకే చోట పెట్టుకోవాలని ఆయనే సరిదిద్దారు. ఆ సంగతి నేను చెప్పడం మరిచిపోయాను. ఆయన ఆ సాయం చెయ్యకపోతే నా కోతలన్నీ వృథా అయ్యేవి.

టెస్టు రోజు పొద్దున నాకు ఆ వైపు ఏ పనీ లేదు. అయినా రెండు కొత్త గ్రిప్పులు సంచిలో వేసుకుని, ఎవరికో ఇవ్వాలని చెప్పి వెళ్లాను. స్టెల్లా, మిగతా ఇద్దరు స్నేహితురాళ్లు తాడు ఇవతల నిలబడి ఉన్నారు. ముగ్గురికి ముగ్గురూ గోళ్లు కొరుక్కుంటున్నారు. నన్ను చూసి స్టెల్లా, "గ్రిప్పులు ఎవ్వరికి భాయ్?" అంది. నేను ఆకాశం వైపు చూశాను.

సరోజమ్మ మొదటి హోల్స్ నెమ్మదిగా, ఏ హంగామా లేకుండా ఆడుకుంటూ వచ్చింది. ఏ బంతీ గొప్పగా పోలేదు, ఏదీ చెడుగా పోలేదు. చూసేవాళ్లకి విసుగు పుట్టేంత ఒకేలా పోయాయి. ఆ విసుగు చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. చివరికి నాలా దగ్గరికి వచ్చారు. ఎదురుగా బంతి, అవతల పచ్చిక, మధ్యలో ముళ్లపొదలతో ఎండిన నాలా. కమిటీ మెంబరు పక్కన నిలబడి చూస్తున్నారు.

ఆమె బ్యాగులోంచి ఐదో నంబరు తీసింది. నిలబడింది. మోకాళ్లు వంగాయి, నడుము దిగింది. కర్ర వెనక్కి పోయి భుజం దగ్గర ఆగింది. నా చెవుల్లో కూడా విజిల్ వినిపించినట్టే అయింది. తర్వాత చప్పుడు. చెక్క తలుపుకి గడియ పడినట్టు, ఒక్కటే శుభ్రమైన చప్పుడు.

బంతి ఎత్తుకి లేవలేదు. నాలా మీదుగా తిన్నగా, కిందుగా పోతోంది. సగం దాటాక దిగడం మొదలుపెట్టింది. నేను కోసిన అంగుళం నాకు అప్పుడు గుర్తొచ్చింది. యా అల్లా, ఆ అంగుళం అడ్డం రాకుండా చూడు అనుకున్నాను. బంతి అవతలి గట్టు మీద, అంచు దాటి జానెడు దూరంలో పడింది. గడ్డిలో ఎగిరి ముందుకు దొర్లి, దొర్లి, పచ్చిక మీదికెక్కి ఆగింది.

స్టెల్లా తన పక్కనున్నావిడ చెయ్యి అనుకుని నా చెయ్యి పట్టుకుని పిసికేసింది. ఎవరూ అరవలేదు, అరిస్తే మర్యాద కాదు, అదీ టెస్టులో భాగమే. సరోజమ్మ మిగిలిన రెండు మూడు దెబ్బలు ముగించింది. కమిటీ మెంబరు టోపీ తీసి చెయ్యి కలిపి, "ఆదివారం నుంచి రండి మేడం. మీ వాళ్లు పేరు ఖాళీ పెట్టుకుని చాలా రోజులుగా మమ్మల్ని సతాయిస్తున్నారు," అన్నారు.

ఆ తర్వాత మర్యాద ఎవరికీ గుర్తు లేదు. ముగ్గురూ తాడు కింద నుంచి దూరి లోపలికి వెళ్లిపోయారు. నలుగురు నాయనమ్మలు ఒకరి మెడ మీద ఒకరు పడి, ఏడుస్తున్నారో నవ్వుతున్నారో తెలియకుండా మైదానం మధ్యలో గుండ్రంగా నిలబడిపోయారు. కోచ్ సారు కళ్లద్దాలు తుడుచుకున్నారు. నేను మాత్రం ఏడవలేదని చెప్పను.

కాసేపటికి సరోజమ్మ నా దగ్గరికి వచ్చింది. "భాయ్, అందరు నన్ను మార్చుకోమన్నరు. నేను మారుదామనే చూసిన. నా వల్ల కాలే," అంది. "ఇంక నేను మారనక్కర్లేదు కదా?"

"వద్దక్కా. మీరు గిట్లనే ఉండుండ్రి," అన్నాను. మేడం అనే మాట నోట్లోంచి ఎప్పుడు జారిపోయిందో నాకే తెలియలేదు.

ఆ పోటీలో వాళ్ల జట్టు మధ్యలో ఎక్కడో నిలిచింది. దాని గురించి వాళ్లకి దిగులేమీ లేదు. ఓడిన రోజు నలుగురూ కలిసి బిర్యానీ తిని, నాకూ ఒక పొట్లం పంపించారు.

అప్పటి నుంచి నా పనిలో ఒక్కటి మారింది. షాపుకి వచ్చిన మనిషి ఎత్తు కొలిచే ముందు, మణికట్టు కొలిచే ముందు, దీనికి ముందు ఏం ఆడేవారని అడుగుతున్నాను. ఒక బ్యాంకు మేనేజరు సిగ్గుపడుతూ చిర్రగోనె, అదే బిళ్లంగోడు, అన్నాడు. ఒకాయన పతంగులు తప్ప ఏమీ ఆడలేదన్నాడు. ఒకావిడ, "ఆటలెక్కడివి, మా అమ్మగారింట్ల వడ్లు దంచిన" అంది. అందరికందరూ ఆ ప్రశ్నకి ముందు నవ్వుతారు, తర్వాత చేతులతో చేసి చూపిస్తారు. ఆ వడ్లు దంచినావిడ చూపించిన తీరులోనే నాకు ఆవిడ స్వింగ్ మొత్తం కనిపించింది. మనిషి నా షాపు మెట్లు ఎక్కేసరికే ఆ చేతులకి ఒక పొడుగు తెలిసి ఉంటుంది. దాన్ని మార్చడం నా పని అని ఇన్నేళ్లూ అనుకున్నాను. అడిగి తెలుసుకోవడమే నా పని అని సరోజక్క నేర్పింది.